ఏజెంట్‌ని నడుస్తున్న ప్రోగ్రామ్ ముందు కూర్చోబెట్టండి

కోడింగ్ ఏజెంట్‌ని, అంటే మన తరఫున కోడ్ రాసి నడిపే ఏఐని, మనలో చాలామంది వాడే పద్ధతి ఇది. ఏజెంట్ ఫైళ్లు చదువుతుంది, ఒకచోట మారుస్తుంది, టెర్మినల్‌లో ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి నడుపుతుంది. మధ్యలో ఎర్రర్ వస్తుంది, ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అప్పటిదాకా మెమరీలోకి ఎక్కించిన డేటా, సగం వరకు కట్టిన పట్టికలు, తెరిచిన కనెక్షన్లు అన్నీ దాంతోపాటే పోతాయి. ఏజెంట్ దగ్గర మిగిలేది ఎర్రర్ మెసేజ్ ఒక్కటే. దాన్ని చూసి లోపల ఏం జరిగి ఉంటుందో ఊహిస్తుంది, ఫైలు మారుస్తుంది, మళ్లీ మొదటి నుంచి నడుపుతుంది. ఊహ తప్పితే ఇంకో ఊహ. ఇంత తెలివైన పనిముట్టుతో ఇలా పని చేయిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. లోపల ఏముందో చూసే అవకాశం మనం ఇవ్వలేదు కాబట్టే అది ఊహిస్తోంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఏజెంట్‌కి ఫైళ్లతో పాటు నడుస్తున్న ప్రోగ్రామ్‌ని కూడా ఇవ్వాలి. ఒకసారి మొదలుపెట్టాక ఆగకుండా ఉండే సెషన్ అన్నమాట. ఏజెంట్ ఒక ప్రశ్న అడిగితే జవాబు రావాలి, జవాబు వచ్చాక కూడా లోపలి సరుకంతా అలాగే ఉండాలి, అరగంట తర్వాత అదే సెషన్‌లో ఇంకో ప్రశ్న అడగగలగాలి. ఇది ప్రమాదమనేవాళ్ల మాటలో నిజం ఉంది, అందుకే ఆ విషయానికి ఈ వ్యాసంలో చాలా చోటు ఇచ్చాను. అయినా సరే, ఇవ్వాలనే అంటాను.

ఎందుకో నా పనిలోంచే చెబుతాను. నేను తెలుగు వచనంతో పనిచేస్తాను. పాత పత్రికలు, వికీసోర్స్ పేజీలు, స్కాన్ చేసి అక్షరాలుగా మార్చిన పుస్తకాలు తీసుకుని శుభ్రం చేయడం, పదాలు లెక్కపెట్టడం, ఒకే పదం ఎన్ని రకాలుగా రాశారో చూడటం. డేటా మెమరీలోకి ఎక్కడానికే చాలాసేపు పడుతుంది.

ఇందులో చాలా మామూలు పని: వచనంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. ఏజెంట్‌కి చెబితే క్షణాల్లో పైథాన్ కోడ్ రాసేస్తుంది. ఇంగ్లీషు వచనానికి అందరూ వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌నే వాడుతుంది, అంటే ‘పదంలో రాదగిన అక్షరాలు వరసగా ఎన్ని ఉంటే అన్నీ ఒక పదం’ అనే నమూనా. పైథాన్‌తో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ మన గుణింతపు గుర్తుల్ని, పొల్లుని పదంలో రాదగిన అక్షరాలుగా లెక్కలోకి తీసుకోదు. దానికి ‘తెలుగు’ అనే మాట ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలుగా తిరిగొస్తుంది. ఎత్వమూ కొమ్ములూ రాలిపోతాయి. అయినా ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్రర్ రాదు. చివర్లో అందమైన పట్టిక వస్తుంది. ఫైలు రాసి నడిపే పద్ధతిలో ఉన్న ఏజెంట్ ఆ పట్టిక ఫైల్లో పడిందని చూసుకుని, పని పూర్తయిందని చెబుతుంది.

అదే ఏజెంట్ సెషన్‌లో ఉంటే ఏం జరుగుతుందో నేను చూశాను. లెక్క పూర్తికాగానే ఎక్కువసార్లు వచ్చిన ఇరవై పదాలు చూపించమని సెషన్‌నే అడిగింది. ఒంటరి అక్షరాలు కనిపించాయి. వెంటనే ఒక పదం తీసుకుని, అందులో ఒక్కో గుర్తునీ యూనికోడ్ (ప్రపంచ లిపుల అక్షరాలకి కంప్యూటర్‌లో నంబర్లిచ్చే ప్రమాణం) ఏ వర్గంలో పెట్టిందో అడిగింది. హల్లులు అక్షరాల వర్గంలో, గుణింతాలు గుర్తుల వర్గంలో ఉన్నాయని తేలింది. యూనికోడ్‌ని సరిగా పట్టించుకునే ఇంకో లైబ్రరీ పెట్టి, మెమరీలో అప్పటికే ఉన్న వచనం మీదే రెండు లెక్కల్నీ పోల్చింది. డేటాని మళ్లీ ఎక్కించాల్సిన పని పడలేదు.

అక్కడితో ఆగలేదు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాట పట్టికలో రెండుచోట్ల కనిపించింది, కంటికి రెండూ ఒకటే. సెషన్‌లో రెండింటి పొడవూ అడిగితే ఒకదానిలో ఒక గుర్తు ఎక్కువుంది. అది ట మీది పొల్లుకీ వ కీ మధ్య కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే వ వత్తుగా మారి ట కిందకి పోతుంది. కానీ కొన్ని ఫాంట్లలో, కొన్ని చోట్ల, ఆ తేడా పైకి తెలియదు. అలాగే ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింద ఇంకో గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు పదాలు. ఇలాంటివి కోడ్ చదివితే దొరకవు. డేటాలోకి తొంగి చూస్తేనే దొరుకుతాయి.

‘స్క్రిప్ట్‌లో కూడా ప్రింట్ పెట్టి చూడొచ్చు కదా’ అని ఒక స్నేహితుడు అడిగాడు. చూడొచ్చు. కానీ అలా చూడాలంటే ప్రతి ప్రశ్నకీ డేటా మొత్తం మళ్లీ ఎక్కాలి. ప్రశ్న ఖరీదైతే అడగడం తగ్గిపోతుంది. మనుషుల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. పరీక్షించడానికి పది నిమిషాలు పట్టే కోడ్‌ని ఎవరూ సరిగా పరీక్షించరు. ఏజెంట్ విషయంలోనూ అంతే. దానికి టైమ్ అవుట్లు (ఇంతసేపే ఆగాలనే హద్దులు) ఉంటాయి, టోకెన్ల ఖర్చు (చదివే, రాసే ప్రతి ముక్కకీ పడే ధర) ఉంటుంది, ‘పని త్వరగా ముగించు’ అనే ఒత్తిడి దాని శిక్షణలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే మెతుకు పట్టి చూస్తాం. మూత తీసిన ప్రతిసారీ కొత్తగా ఎసరు పెట్టాల్సి వస్తే ఎవరూ మూత తీయరు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాడు. రాసిన మాటని అక్కడికక్కడే విలువకట్టి జవాబిచ్చే ఇంటర్‌ప్రెటర్‌ని స్టీవ్ రస్సెల్ ఐబీఎం 704 మీద చేశాడు. చదువు, విలువకట్టు, చూపించు, మళ్లీ మొదలు. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి ‘రెపల్’ అంటున్నాం. 1970ల్లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో ఆలన్ కే, డాన్ ఇంగల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ బృందం చేసిన స్మాల్‌టాక్ భాష ఇంకా ముందుకు పోయింది. అక్కడ ప్రోగ్రామ్ అంటే ఫైళ్ల కట్ట కాదు, ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రపంచం. లేని మెథడ్‌ని పిలిస్తే డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూపించే పనిముట్టు) తెరుచుకుంటుంది, ఆ మెథడ్‌ని అక్కడే రాసి, ఆగినచోటి నుంచే ముందుకు పోవచ్చు. ఎరిక్‌సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1986లో మొదలుపెట్టిన ఎర్లాంగ్‌లో, కాల్స్ నడుస్తుండగానే కోడ్ మార్చే సౌకర్యం భాషలోనే ఉంది.

మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. టర్బో సీ తెరలో ప్రోగ్రామ్ టైప్ చేయడం, కంపైల్ చేయడం, వచ్చిన అవుట్‌పుట్‌ని ల్యాబ్ రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకోవడం. ప్రోగ్రామ్ అంటే మొదలై ముగిసే వస్తువనే మనకి అలవాటైంది. నడుస్తుండగా దాంతో మాట్లాడొచ్చని ఎవరూ చూపించలేదు. ఆ అలవాటునే ఇప్పుడు ఏజెంట్లకి కూడా అంటిస్తున్నాం.

సెషన్ విలువ తెలియాలంటే నాసా వారి డీప్ స్పేస్ 1 కథ తెలుసుకోవాలి. 1998 అక్టోబరులో ప్రయోగించిన ఆ నౌకలో 1999 మే నెలలో రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించారు. భూమి నుంచి అడుగడుగునా ఆదేశాలు పంపకుండా, నౌకే తన పనులు తాను ప్లాన్ చేసుకుని నడిపించుకోవాలన్నది ఆ ప్రయోగం. అంటే అది ఆ కాలపు ఏఐ ఏజెంటే. లిస్ప్‌లో రాశారు. ప్రయోగం మొదలైన మర్నాడే చిక్కొచ్చింది. అయాన్ ఇంజన్ ఆగాల్సిన సమయానికి ఆగలేదు. రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలబడిపోయాయి. భూమ్మీద ఎన్నో పరీక్షలు చేసినా ఆ సందర్భం అప్పటిదాకా ఎదురుకాలేదు. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌకలో నడుస్తున్న లిస్ప్ సెషన్‌ని అడిగి లోపల ఏది ఎక్కడ ఆగిందో తెలుసుకునే వీలుండటం కారణం పట్టుకోవడానికి ఎంతో పనికొచ్చిందని నాసా పరిశోధనశాల జేపీఎల్‌లో పనిచేసిన రాన్ గారెట్ తర్వాత రాశాడు. ప్రయోగాన్ని అదే నెలలో పూర్తి చేయగలిగారు.

ఈ కథలో నన్ను ఆలోచింపజేసే సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ తప్పు చేసింది ఏజెంట్ సాఫ్ట్‌వేరే, సెషన్‌లోకి తొంగి చూసింది మనుషులు. ఏజెంట్ ఇలా నిలబడిపోయినప్పుడు బయటినుంచి మనిషి లోపలికి వచ్చి చూసే దారి ఉండటమే ఆ రోజు కాపాడింది. కాబట్టి నేను ఏజెంట్‌కి సెషన్ ఇవ్వాలన్నప్పుడు, ఆ సెషన్‌లో మనిషికి కూడా కుర్చీ ఉండాలనే అర్థంలో అంటున్నాను. ఏజెంట్ తలుపేసుకుని ఒంటరిగా వాడే సెషన్ వల్ల సగం లాభమే.

కామన్ లిస్ప్‌లో ఎర్రర్‌ని చూసే తీరు కూడా ఏజెంట్లకి బాగా నప్పుతుంది. ఎర్రర్ రాగానే ప్రోగ్రామ్ కూలిపోదు. ఎక్కడ వచ్చిందో అక్కడే ఆగి, అప్పటి విలువలన్నిటినీ అలాగే పట్టుకుని, ‘ఏం చేయమంటావు?’ అని కొన్ని దారులు చూపిస్తుంది. తప్పున్న ఫంక్షన్‌ని సరిచేసి మళ్లీ ప్రయత్నించమనొచ్చు, వేరే విలువ ఇచ్చి ముందుకు పొమ్మనొచ్చు. అరగంట నడిచిన లెక్క చివర్లో చెడితే, చెడినచోటే బాగుచేసి కొనసాగించొచ్చు. క్లాస్ (ఆబ్జెక్టులకి అచ్చులాంటిది) నిర్వచనం మారిస్తే, అప్పటికే పుట్టి ఉన్న ఆబ్జెక్టులు కూడా కొత్త రూపానికి మారతాయి. ఏజెంట్‌కి కావలసింది సరిగ్గా ఇదే: శవం కాదు, ఆగి ఉన్న ప్రాణి.

పైథాన్‌కి ఈ భాగ్యం లేదు. మాడ్యూల్‌ని, అంటే కోడ్ ఫైలుని, రీలోడ్ చేయొచ్చు కానీ, పాత క్లాస్ నుంచి పుట్టిన ఆబ్జెక్టులు పాత క్లాస్‌నే పట్టుకుని ఉంటాయి. కొత్త కోడ్ వచ్చేసిందనుకుని ఏజెంట్ పరీక్షిస్తుంటే, నడుస్తున్నది పాత కోడ్ కావచ్చు. అందుకని పైథాన్ సెషన్‌ని నేను చూడటానికే ఎక్కువ వాడమంటాను. పెద్ద మార్పులు చేశాక కొత్త సెషన్ తెరవడమే మంచిది.

ఇక అభ్యంతరాలు. మొదటిది చాలా గట్టిది: సెషన్‌లో దాగిపోయే స్థితి. కోడ్‌ని గడులుగా రాసి ఒక్కో గడినీ విడిగా నడిపే జూపిటర్ నోట్‌బుక్ వాడినవాళ్లందరికీ ఇది తెలుసు. మూడో గడి నడిపి, ఏడోది నడిపి, మూడోదాన్ని మార్చి, ఐదోదాన్ని చెరిపేస్తాం. చెరిపేసిన గడిలో పుట్టిన వేరియబుల్ మాత్రం, వెనక కోడ్‌ని నడిపే కెర్నల్‌లో బతికే ఉంటుంది. నోట్‌బుక్ మన దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది, పక్కవాళ్ల దగ్గర నడవదు. జోయెల్ గ్రస్ 2018లో జూపిటర్ వాళ్ల సమావేశంలోనే నిలబడి తనకి నోట్‌బుక్‌లు ఎందుకు ఇష్టం లేదో చెప్పాడు, అందులో ఇదే ముఖ్యమైన ఫిర్యాదు. 2019లో పిమెంటెల్, ముర్తా, బ్రగన్‌హోలో, ఫ్రెయిరె అనే పరిశోధకులు కలిసి, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోని దాదాపు 14 లక్షల నోట్‌బుక్‌లని పరిశీలించారు. నడపడానికి వీలైనవాటిని మళ్లీ నడిపితే ఎర్రర్ లేకుండా పూర్తయినవి సుమారు 24 శాతం. ముందు వచ్చిన ఫలితమే మళ్లీ వచ్చినవి సుమారు 4 శాతం. లైబ్రరీలు దొరకకపోవడం, డేటా ఫైళ్లు లేకపోవడం లాంటి కారణాలూ ఇందులో ఉన్నాయి, నేరమంతా దాగిన స్థితిదే అనలేం. అయినా ఆ 4 శాతం చూసి భయపడకపోతే తప్పు.

ఏజెంట్ విషయంలో ఈ సమస్య ఇంకో మెట్టు పైకి పోతుంది, దీని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదని నాకనిపిస్తుంది. సెషన్‌కి ఒక జ్ఞాపకం, ఏజెంట్‌కి ఇంకో జ్ఞాపకం. సంభాషణ పొడవైతే టూల్ పాత భాగాన్ని కుదించి సారాంశం మాత్రమే ఏజెంట్‌కి మిగులుస్తుంది. కొత్త సంభాషణ మొదలైతే అదీ ఉండదు. సెషన్ మాత్రం ఏదీ మర్చిపోదు. పొద్దున ఏజెంట్ ‘పదాలు’ అనే వేరియబుల్‌లో శుభ్రం చేయని జాబితా పెట్టింది, మధ్యాహ్నం దాన్ని సగం శుభ్రం చేసింది, సాయంత్రానికి అది పూర్తిగా శుభ్రమైందనే నమ్మకంతో పనిచేస్తోంది. సారాంశంలో ‘శుభ్రం చేశాం’ అనే మాట ఉంది మరి. మనిషైతే ఏదో అనుమానం వచ్చి ఒకసారి చూసుకుంటాడు. ఏజెంట్‌కి తన సారాంశమే వేదం.

దీనికి నేను పాటించేది ఒక నియమం. సెషన్‌లో తెలుసుకోవచ్చు, ఏదీ అక్కడ దాచుకోకూడదు. సెషన్‌లో తేలిన ప్రతి సంగతీ ఫైల్లోకి కోడ్‌గానో టెస్ట్‌గానో రావాలి. పూర్తయిందని చెప్పే ముందు, ఏజెంట్ సెషన్‌తో ఏ సంబంధమూ లేని కొత్త ప్రాసెస్‌లో అవన్నీ మొదటి నుంచి నడవాలి. నడవకపోతే పని పూర్తికానట్టే, సెషన్‌లో ఎంత అందంగా నడిచినా సరే. పైన చెప్పిన తెలుగు పదాల ఉదాహరణలో, ‘తెలుగు’ ఒకే పదంగా రావాలనేది ఒక టెస్ట్ అయింది, కనపడని గుర్తు ఉన్నా లేకపోయినా ‘సాఫ్ట్‌వేర్’ ఒకే లెక్కలోకి రావాలనేది ఇంకోటి. ఆ రెండూ ఫైల్లో ఉన్నాక సెషన్ పోయినా బెంగ లేదు. కుదింపు జరిగాక ఏజెంట్ చేయాల్సిన మొదటి పని కూడా నిర్దేశించి పెట్టాను: సెషన్‌లో ఏ పేర్లున్నాయి, ఒక్కోటీ ఎంత పెద్దది, మొదటి రెండు మూడు వస్తువులు ఎలా ఉన్నాయి అని అడగాలి. సారాంశంలో ఏముందో తర్వాత చదువుకోవచ్చు.

రెండో అభ్యంతరం ప్రమాదం గురించి. ఇక్కడ చాలామంది పొరబడేది అనుమతుల దగ్గర. షెల్ కమాండ్లయితే, అంటే టెర్మినల్‌లో ఇచ్చే ఆదేశాలయితే, ఒక్కోదానికీ అనుమతి ఇవ్వొచ్చు, ఆపొచ్చు. ఫైళ్ల జాబితా చూడటానికి సరే, చెరపడానికి అడగాలి, అని గీత గీయొచ్చు. సెషన్‌లో కోడ్ నడిపే అనుమతి అలా ముక్కలు కాదు. పైథాన్ సెషన్‌లో ఒక్క లైను నడపనిచ్చారంటే ఫైళ్లు చెరిపే లైను, షెల్‌ని పిలిచే లైను, నెట్‌వర్క్‌లోకి పంపే లైను అన్నీ నడపనిచ్చినట్టే. కోడ్‌ని చూసి ప్రమాదకరమైన మాటల్ని వడకట్టే ప్రయత్నాలు నేను నమ్మను. అదే పనిని ఇంకో పేరుతో పిలవడానికి ఆ భాషల్లో లెక్కలేనన్ని దారులున్నాయి. ‘ఈ కోడ్ నడపనా?’ అని ప్రతిసారీ మనిషిని అడిగినా లాభం లేదు, కాసేపటికి చదవకుండానే సరే నొక్కేస్తాం. కంచె సెషన్ బయట ఉండాలి: కంటైనర్ అనే వేరుచేసిన గదిగానో, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌గానో, వేరే యూజర్ ఖాతాగానో. ఆ కంచె లోపల ఏజెంట్ ఏం చేసినా నష్టం లేనట్టు ఏర్పాటు చేయాలి.

ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ 2025 జూన్‌లో మూడింటి కలయిక గురించి హెచ్చరించాడు: రహస్య డేటా అందుబాటులో ఉండటం, ఎవరో రాసిన నమ్మలేని వచనం ఏజెంట్ చదవడం, బయటికి సమాచారం పంపే దారి ఉండటం. మూడూ ఒకేచోట ఉంటే, ఆ వచనంలో దాచిన ఆదేశాన్ని ఏజెంట్ పాటించి రహస్యాల్ని బయటికి పంపేయొచ్చు. నడుస్తున్న సెషన్‌లో ఈ మూడూ చాలా తేలిగ్గా కలుస్తాయి. పాస్‌వర్డులు, లాగిన్ టోకెన్లు ప్రాసెస్ మెమరీలోనే ఉంటాయి కాబట్టి ఫైళ్లలో వెతకాల్సిన పని కూడా ఉండదు. నేను వెబ్ నుంచి తెచ్చిన వచనంతో పనిచేస్తాను, అంటే ఆ మూడింటిలో ఒకటి నాకు తప్పదు. కాబట్టి మిగతా రెండూ కోసేశాను. కంటైనర్‌కి నెట్‌వర్క్ లేదు. లోపల ఏ తాళం చెవీ లేదు. డేటా ఫోల్డర్‌ని చదవడం తప్ప రాయడం కుదరదు.

ప్రొడక్షన్, అంటే జనం నిజంగా వాడుతున్న వ్యవస్థ, సంగతి వేరుగా చెప్పాలి. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ సైట్ ఏజెంట్‌తో వ్యాపారవేత్త జేసన్ లెమ్‌కిన్‌కి ఎదురైన అనుభవం అందరికీ తెలిసిందే. ఏ మార్పులూ చేయొద్దని చెప్పినా ఏజెంట్ అసలు డేటాబేస్‌ని చెరిపేసింది, వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది. నిజానికి తేవడం కుదిరింది. ఆ తర్వాత రెప్లిట్ తయారీ డేటాబేస్‌నీ ప్రొడక్షన్ డేటాబేస్‌నీ విడదీసే ఏర్పాటు ప్రకటించింది. మాటతో చెప్పిన ఆంక్ష ఆంక్ష కాదని ఆ ఘటన చూపించింది. సెషన్ ఇవ్వకపోయి ఉంటే ఇది జరిగేది కాదు అనడం మాత్రం తప్పు. చెరిపే అధికారం ఉన్న పాస్‌వర్డ్ దాని చేతిలో ఉంది, సమస్య అది. వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో కన్సోల్‌ని (ఆదేశాలు టైప్ చేసే సెషన్‌ని) శాండ్‌బాక్స్‌గా తెరిస్తే, బయటికి రాగానే డేటాబేస్‌లో చేసిన మార్పులన్నీ వెనక్కి పోతాయి. ఇలాంటి ఆలోచన ప్రతి ఫ్రేమ్‌వర్క్‌లో ఉండాలి. అయినా అది కాపాడేది డేటాబేస్‌ని మాత్రమే, పంపేసిన మెయిల్ తిరిగి రాదు.

2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14లో, నడుస్తున్న ప్రాసెస్‌కి బయటినుంచి డీబగ్గర్‌ని తగిలించే సౌకర్యం చేర్చారు. మనుషులకి ఇది పెద్ద వరం. అర్ధరాత్రి ఇరుక్కుపోయిన సర్వర్‌ని ఆపకుండానే లోపలికి చూడొచ్చు. ఇదే దారి ఏజెంట్‌కీ ఇవ్వాలని త్వరలో అందరికీ అనిపిస్తుంది. ప్రొడక్షన్‌లో నా జవాబు ‘వద్దు’. డీప్ స్పేస్ 1లో మనుషులు చేసినట్టు, అక్కడ తొంగి చూసే పని మనుషులకే ఉండాలి. ఏజెంట్‌కి ఆ ప్రాసెస్ నకలు ఇవ్వొచ్చు, లాగ్‌లు ఇవ్వొచ్చు, చదవడానికి మాత్రమే వీలున్న డేటాబేస్ ఖాతా ఇవ్వొచ్చు. ఏం టైప్ చేయాలో అది సూచించొచ్చు, టైప్ చేసేది మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి.

ఆచరణలో సెషన్‌ని ఎలా ఇవ్వాలన్నది కూడా చిన్న విషయం కాదు. టీమక్స్ (టెర్మినల్‌ని ఆగకుండా తెరిచి ఉంచే ప్రోగ్రామ్) కిటికీ తెరిచి ఏజెంట్ చేత అందులో టైప్ చేయించడం అన్నిటికంటే తేలిక. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కన్సోల్ అయినా, జీడీబీ డీబగ్గర్ అయినా, లిస్ప్ అయినా దేనితోనైనా పనిచేస్తుంది. కానీ తెర మీద కనిపించేదాన్ని చదివి, పని అయిపోయిందో ఇంకా నడుస్తోందో ఏజెంట్ ఊహించుకోవాలి. ఊహని తప్పించడానికే కదా సెషన్ ఇస్తున్నది. జూపిటర్ కెర్నల్‌కీ క్లోజర్ భాష వాళ్ల ఎన్‌రెపల్‌కీ సరైన ప్రోటోకాల్ ఉంది. అడిగిన పని ముగిసిందని అవే చెబుతాయి, మధ్యలో ఆపమని చెప్పే దారి కూడా ఉంది. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్, ఏజెంట్లకి బయటి టూల్స్‌ని కలిపే ఎంసీపీ అనే ప్రోటోకాల్‌ని విడుదల చేశాక ఇలాంటి సెషన్లని ఏజెంట్లకి తగిలించే పని చాలా సులువైంది. నేను జూపిటర్ కెర్నల్ వాడతాను. అదే కెర్నల్‌కి నా కన్సోల్‌ని కూడా తగిలిస్తాను. ఏజెంట్ చూస్తున్న వేరియబుల్‌ని నేనూ చూడగలను, తను వెళుతున్న దారి నచ్చకపోతే అక్కడే ఆపగలను. దాని వివరణ చదివి నమ్మాల్సిన అవసరం చాలా తగ్గింది.

రెండు చిన్న ఏర్పాట్లు లేకపోతే మాత్రం ఇదంతా చికాకుగా మారుతుంది. ఒకటి, జవాబు పొడవుకి హద్దు. లక్ష వరసల పట్టికని సెషన్ మొత్తంగా కక్కితే ఏజెంట్ కాంటెక్స్ట్ (అది ఒకసారి గుర్తుంచుకోగల వచనం) నిండిపోయి, అసలు పనే మర్చిపోతుంది. మొదటి కొన్ని వరసలు, మొత్తం ఎన్ని ఉన్నాయి అనే మాట, అంతే రావాలి. రెండోది లాగ్. ఏజెంట్ సెషన్‌లోకి పంపిన ప్రతి లైనూ సమయంతో సహా కంటైనర్ బయట ఉన్న ఫైల్లో పడాలి, ఏజెంట్‌కి దాన్ని దిద్దే వీలుండకూడదు. స్మాల్‌టాక్‌లో చేసిన మార్పులన్నీ ఒక ఫైల్లో వరసగా పడుతుండేవి, ఇమేజ్ (నడుస్తున్న ఆ ప్రపంచమంతా దాచిన ఫైలు) కూలినా పని మళ్లీ దొరికేది. ఏజెంట్ టూల్స్‌కి అది మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

టూల్స్ తయారుచేసేవాళ్లని నేను అడిగేది ఇంకొకటి ఉంది: సెషన్‌కి కొమ్మలు. గిట్‌లో బ్రాంచ్ తెరిచి ప్రయోగం చేసి, నచ్చకపోతే పారేసినట్టు, నడుస్తున్న సెషన్‌ని కూడా జంట చేయగలగాలి. డేటా ఎక్కిన ప్రాసెస్‌ని యునిక్స్ ఫోర్క్ చేస్తే (అంటే నకలు తీస్తే) మెమరీ వెంటనే రెండింతలు కాదు, మారిన మెమరీ పేజీలు మాత్రమే విడిగా కాపీ అవుతాయి. కాబట్టి ఏజెంట్ మూడు రకాలుగా పదాలు విడగొట్టి చూడాలనుకుంటే మూడు కొమ్మలు తెరిచి, మంచిది తేల్చి, మిగతావి మూసేయొచ్చు. అసలు సెషన్‌కి మచ్చ పడదు, దాగిన స్థితి గొడవ కూడా సగం తగ్గుతుంది. త్రెడ్లు, తెరిచి ఉన్న కనెక్షన్లు, జీపీయూ మెమరీ ఉన్నచోట ఇది కష్టమని తెలుసు. కానీ నాలా వచనంతో, పట్టికలతో పనిచేసేవాళ్ల సెషన్లలో అవి ఉండేది తక్కువ. ముందు మాకు ఇవ్వండి. నెట్‌వర్క్ ఆంక్ష తప్ప, ఏజెంట్ మీద నేను పెట్టుకున్న మిగతా చిన్న చిన్న ఆంక్షలు చాలావరకు ఆ రోజే తీసేస్తాను.